కొవ్వు దాటే గడప



1622 జులై. ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే గాస్పరే అసెల్లి, మిత్రులు కొందరు అడిగారని, బతికున్న కుక్కను కోసి చూపిస్తున్నాడు. ఆ రోజుల్లో అది మామూలే. ముందు గొంతు నరాలు చూపించాడు. తర్వాత ఊపిరి తీసేటప్పుడు డయాఫ్రమ్ ఎలా కదులుతుందో చూపిద్దామని పొట్ట తెరిచి పేగుల్ని పక్కకు జరిపాడు. పేగుల్ని పట్టి ఉంచే పల్చటి పొర మీద సన్నటి తెల్లని తీగలు అల్లుకుని కనిపించాయి. నరాలనుకున్నాడు. అనుమానం తీరక ఒకదాన్ని కత్తి మొనతో గీరాడు. పాలలాంటి ద్రవం చివ్వున చిమ్మింది.

ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. ఇంకో కుక్కను కోసి చూస్తే ఒక్క తెల్ల తీగ కూడా లేదు. ఆలోచించగా ఆలోచించగా తట్టింది. మొదటి కుక్క అంతకు కాసేపటి ముందే కడుపునిండా తిన్నది, రెండోది పస్తున్నది. ఈసారి బాగా మేపిన కుక్కను కోశాడు. తెల్ల తీగలు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. ఈ సంగతులన్నీ రాసిన పుస్తకం ఆయన పోయాక, 1627లో, రంగు బొమ్మలతో అచ్చయింది. తిన్న కొవ్వు ఏ దారిన ఒంట్లోకి పోతుందో అలా కంటికి కనిపించింది.

అన్నంలోని పిండి పదార్థం, పప్పులోని మాంసకృత్తులు జీర్ణమయ్యాక పేగు గోడలోని రక్తనాళాల్లోకి చేరి, నేరుగా కాలేయానికి పోతాయి. నెయ్యి, నూనెల దారి వేరు. పైత్యరసం వాటిని సన్నటి తుంపరలుగా విడగొడుతుంది. క్లోమం పంపే ఎంజైములు వాటిని ముక్కలు చేస్తాయి. పేగు గోడలోని కణాలు ఆ ముక్కల్ని లోపలికి తీసుకుని మళ్లీ కొవ్వుగా అతికిస్తాయి, పైన ప్రొటీన్ పూత వేసి అతి చిన్న ఉండలుగా చుడతాయి. వాటి పేరు కైలోమైక్రాన్లు. అవి రక్తంలోకి కాకుండా లింఫు నాళాల్లోకి దిగుతాయి. అసెల్లి చూసిన తెల్ల తీగలు ఆ నాళాలే. అక్కడి నుంచి కైలోమైక్రాన్లు ఛాతీ గుండా పైకెక్కి, ఎడమ భుజం దగ్గర పెద్ద సిరలో కలుస్తాయి. అంటే ముందు కాలేయానికి హాజరు చెప్పుకోకుండానే ఒళ్లంతా తిరుగుతాయన్నమాట.

పెళ్లి భోజనం చేసొచ్చిన మనిషి రక్తాన్ని రెండు మూడు గంటల తర్వాత తీసి గొట్టంలో పోసి తిప్పితే, పైన తేరుకునే ద్రవం తేటగా లేతపసుపు రంగులో ఉండదు, మబ్బుగా ఉంటుంది. ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఆ మబ్బు కైలోమైక్రాన్లదే.

ఇక్కడిదాకా పాత కథ. గడచిన ఇరవై ఏళ్లలో శాస్త్రజ్ఞులు అడుగుతున్న ప్రశ్న వేరు. కొవ్వు ఆ గోడ దాటేటప్పుడు ఒంటరిగా దాటుతుందా, లేక దాని వెంట ఇంకెవరైనా లోపలికి వస్తున్నారా?

ముందు ఆ గోడ సంగతి చెప్పుకోవాలి. పేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత ఉంటుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 2014లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రజ్ఞులిద్దరు మళ్లీ కొలిచి, అంత లేదు, దాదాపు 32 చదరపు మీటర్లేనని తేల్చారు. ఒక మోస్తరు రెండు గదుల నేలంత. అంత మేరా కాపలా కాసేది ఒకే ఒక్క వరుస కణాలు. ఆ కణాలకు ఆయుష్షు మూడు నుంచి అయిదు రోజులు. పాతవి రాలిపోతూ ఉంటాయి, అడుగు నుంచి కొత్తవి పుట్టుకొస్తూ ఉంటాయి. పెద్ద పేగులో ఈ వరుస మీద రెండు పొరల జిగురు ఉంటుంది. పై పొరలో బ్యాక్టీరియా కాపురం చేస్తాయి, కణాలను ఆనుకుని ఉన్న లోపలి పొరలోకి వాటికి దాదాపు ప్రవేశం లేదు. మనిషి ఒంట్లో ఉండే బ్యాక్టీరియా సంఖ్య 38 లక్షల కోట్ల దాకా ఉంటుందని 2016లో వేసిన అంచనా. అందులో అత్యధిక భాగం ఉండేది పెద్ద పేగులోనే.

కణానికీ కణానికీ మధ్య సందు ఉంటుంది కదా, అక్కడేముంది? 1963లో మెరిలిన్ ఫార్కర్, జార్జ్ పెలాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి, పక్కపక్క కణాల పైఅంచులు ఒకదానికొకటి బిగుసుకుపోయి ఉంటాయని వర్ణించారు. ఆ బిగింపులకు టైట్ జంక్షన్లని పేరు. తర్వాత జపాన్‌లో షోయిచిరో సుకిటా బృందం ఆ బిగింపు వేసే ప్రొటీన్లను ఒక్కొక్కటిగా పట్టుకుంది. 1993లో ఆక్లుడిన్, 1998లో క్లాడిన్లు. ఇవి ఎప్పటికీ మూసుకుని ఉండేవి కావు. చెరువు కట్టకు తూము ఉన్నట్టు, అవసరాన్ని బట్టి కొంచెం తెరుచుకుంటాయి, నీటినీ లవణాలనూ కొలతగా వదులుతాయి, మళ్లీ మూసుకుంటాయి. కాబట్టి పేగు గోడ కొంత వదలడం రోగం కాదు, అది దాని ఉద్యోగం. ఈ ముక్క గుర్తుంటే, చివర్లో చెప్పుకోబోయే వ్యాపారం సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక కొవ్వు వెంట లోపలికి వచ్చే ఆ దొంగచాటు ప్రయాణికుడి గురించి. 1892 ప్రాంతంలో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసే రిచర్డ్ ఫైఫర్ కలరా బ్యాక్టీరియాతో ప్రయోగాలు చేస్తున్నాడు. వేడి చేసి చంపిన బ్యాక్టీరియాను ఎక్కించినా గినీపందులు చచ్చిపోయాయి. విషం బ్యాక్టీరియా బయటికి కక్కేది కాదు, దాని ఒంట్లోనే ఉన్నది. దానికి ఎండోటాక్సిన్ అని పేరు పెట్టాడు. కొన్ని రకాల బ్యాక్టీరియాల పైపొరలో ఉండే ఈ పదార్థంలో ఒక చివర చక్కెరల గొలుసు, ఇంకో చివర కొవ్వు ముక్క ఉంటాయని తర్వాత తెలిసింది. మన పేగుల్లో ఇది గ్రాముల లెక్కన ఉంటుంది. అక్కడ ఉన్నంతసేపూ గొడవ లేదు. రక్తంలో కాస్త ఎక్కువైతే మాత్రం రోగ నిరోధక కణాల మీద ఉండే టీఎల్ఆర్-4 అనే గ్రాహకం దాన్ని పసిగట్టి అలారం కొడుతుంది. ఆ గ్రాహకం గుట్టు 1998లో విప్పిన బ్రూస్ బాయ్ట్లర్‌కు 2011లో నోబెల్ బహుమతి వచ్చింది.

2007లో బెల్జియం శాస్త్రజ్ఞుడు పాట్రీస్ కానీ, ఫ్రాన్స్‌కు చెందిన రెమీ బర్సెలిన్ తదితరులతో కలిసి ప్రచురించిన పరిశోధన ఈ రంగాన్ని ఒక ఊపు ఊపింది. వాళ్లు ఎలుకలకు నాలుగు వారాలపాటు శక్తిలో 72 శాతం కొవ్వు నుంచే వచ్చే మేత పెట్టారు. వాటి రక్తంలో ఎండోటాక్సిన్ రెండు మూడు రెట్లయింది. ఇంతటితో ఆగితే అదొక వింతగా మిగిలేది. వాళ్లు ఇంకో గుంపు ఎలుకలకు మామూలు మేతే పెట్టి, చర్మం కింద చిన్న పంపు అమర్చి, అదే మోతాదులో ఎండోటాక్సిన్‌ను నాలుగు వారాలు కొంచెం కొంచెంగా ఎక్కించారు. కొవ్వు తినకపోయినా ఆ ఎలుకలు లావెక్కాయి, పరగడుపు చక్కెర పెరిగింది, కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గించింది. ఎండోటాక్సిన్‌ను గుర్తించడానికి తోడ్పడే సీడీ-14 అనే ప్రొటీన్ లేని ఎలుకలకు ఈ బాధ చాలావరకు తప్పింది. ఈ స్థితికి వాళ్లు మెటబాలిక్ ఎండోటాక్సీమియా అని పేరు పెట్టారు. ఒంట్లో జ్వరం రానంత చిన్న మంట, కానీ ఆరని మంట. రోగ నిరోధక కణాలు విడుదల చేసే రసాయనాలు కండరంలో, కాలేయంలో, కొవ్వు కణజాలంలో ఇన్సులిన్ పంపే కబురుకు అడ్డం పడతాయి. చక్కెర జబ్బుకు దారి అక్కడ మొదలవుతుంది.

కొవ్వు వెంట ఎండోటాక్సిన్ లోపలికెలా వస్తుంది? ఒక దారి మరీ సులువు. ఎండోటాక్సిన్‌లో కొవ్వు ముక్క ఉందని చెప్పుకున్నాం కదా, అది కైలోమైక్రాన్లకు అతుక్కుని వాటితోపాటే లింఫులోకి దిగిపోతుంది. 2009లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంవారు ఇది చూపించారు. కైలోమైక్రాన్లు తయారు కాకుండా అడ్డుకునే రసాయనం ఇస్తే ఎండోటాక్సిన్ రాక కూడా ఆగింది. రెండో దారి పైత్యరసం ద్వారా. కొవ్వు ఎక్కువ తింటే పిత్తాశయం ఎక్కువ పైత్యాన్ని వదులుతుంది. అందులో తొంభై అయిదు శాతం చిన్న పేగు చివర మళ్లీ లోపలికి పీల్చుకోబడుతుంది గానీ, మిగిలినది పెద్ద పేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని డీఆక్సీకోలిక్ ఆమ్లం వంటి ఘాటైన పదార్థాలుగా మారుస్తాయి. అవి మోతాదు మించితే కణాల బిగింపులను సడలిస్తాయి.

మనుషుల మీద జరిగిన పరీక్షలు ఎలుకలంత నాటకీయంగా లేవు గానీ ఆసక్తికరంగానే ఉన్నాయి. అదే 2007లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను పిలిచి, ఒక కప్పు టీ, యాభై గ్రాముల వెన్న రాసిన కాల్చిన రొట్టె ముక్కలు పెట్టారు. తిన్న తర్వాత వాళ్ల రక్తంలో ఎండోటాక్సిన్ సగం మేర పెరిగింది. అమెరికాలోని బఫెలోలో భారతీయ సంతతి వైద్యుడు పరేశ్ దండోనా బృందం 2010లో ఇంకా ముచ్చటైన పరీక్ష చేసింది. ఒక్కొక్కరికీ 300 క్యాలరీలే, కొందరికి మీగడ రూపంలో, కొందరికి గ్లూకోజుగా, కొందరికి నారింజ రసంగా ఇచ్చారు. మీగడ తాగినవాళ్లలో ఎండోటాక్సిన్ పెరిగింది. గ్లూకోజు ఇతరత్రా మంట పెంచింది గానీ ఎండోటాక్సిన్‌ను పెంచలేదు. నారింజ రసం తాగినవాళ్లలో రెండూ లేవు. ఇంగ్లండ్‌లోనే వారిక్‌లో జరిగిన మరో పరీక్షలో 75 గ్రాముల కొవ్వున్న భోజనం పెడితే, ఆరోగ్యవంతుల కంటే మధుమేహులలో ఎండోటాక్సిన్ చాలా ఎక్కువ పెరిగింది. అప్పటికే దెబ్బతిన్నవాళ్లకు అదే భోజనం ఇంకా ఎక్కువ బరువన్నమాట.

ఈ కొలతల వెనక ఒక విచిత్రం ఉంది. ఎండోటాక్సిన్‌ను కొలిచేది హార్స్‌షూ క్రాబ్ అనే సముద్రజీవి రక్తంతో. దాని రక్తం నీలంగా ఉంటుంది, మనకు ఇనుములా దానికి రాగి ఆధారం కాబట్టి. లేశమాత్రం ఎండోటాక్సిన్ తగిలినా అది గడ్డకడుతుంది. ఫ్రెడరిక్ బాంగ్ 1956లో ఈ గుణం గమనించాడు. ఇంజెక్షన్ మందులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడడానికి ఈ పరీక్ష బంగారం లాంటిది. మనిషి రక్తంలో కొలవబోతే మాత్రం తడబడుతుంది, ఎందుకంటే మన రక్తంలోని కొన్ని పదార్థాలు దానికి అడ్డు తగులుతాయి. పైగా కొలవాల్సింది పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లో వంతుల్లో. అందుకే ఒక ల్యాబు అంకెకూ ఇంకో ల్యాబు అంకెకూ పొంతన కుదరదు. ఒక్కొక్క అంకెను కాకుండా, భోజనానికి ముందూ వెనకా తేడా ఎటు పోతున్నదో చూడడమే తెలివైన పని.

అన్ని కొవ్వులూ ఒకటేనా? కాదనే చెప్పాలి. గోథెన్‌బర్గ్‌లో ఫ్రెడ్రిక్ బాకెడ్ బృందం 2015లో ఎలుకల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పంది కొవ్వు, ఇంకో గుంపుకు చేప నూనె, అదే పాళ్లలో పదకొండు వారాలు పెట్టింది. పంది కొవ్వు తిన్నవి ఎక్కువ లావెక్కాయి, వాటి కొవ్వు కణజాలంలో మంట ఎక్కువైంది. చేప నూనె తిన్నవాటి పేగుల్లో అకర్మాన్సియా వంటి మంచి పేరున్న బ్యాక్టీరియా పెరిగాయి. మనుషుల్లో కూడా దీనికి కొంత ఆధారం దొరికింది. 2016లో అయోవాలో ఇరవై మంది ఆరోగ్యవంతులకు వేర్వేరు రోజుల్లో వేర్వేరు నూనెలు కలిపిన జావ పెట్టారు. కొబ్బరి నూనె కలిపిన జావ తర్వాత ఎండోటాక్సిన్ పెరిగింది, చేప నూనె కలిపిన జావ తర్వాత తగ్గింది.

పాల కొవ్వు గురించి చికాగో విశ్వవిద్యాలయంలో సుజాన్ దేవ్‌కోట, యూజీన్ చాంగ్ 2012లో ప్రచురించిన పని చదివితే ముచ్చటేస్తుంది, ఎందుకంటే అందులో కారణం మెట్టు మెట్టుగా కనిపిస్తుంది. పాల కొవ్వు తిన్న ఎలుకల కాలేయం పైత్యరసానికి టారిన్ అనే గంధకం ఉన్న పదార్థాన్ని ఎక్కువగా జతచేసింది. ఆ గంధకం మీద బతికే బిలోఫిలా వాడ్స్‌వర్థియా అనే బ్యాక్టీరియా ఒక్కసారిగా విజృంభించింది. జన్యుపరంగా పేగు వాపుకు మొగ్గు ఉన్న ఎలుకల్లో ఆ వాపు ఎక్కువైంది. కుసుమ నూనె తిన్నవాటిలో ఇది జరగలేదు. జన్యులోపం లేని మామూలు ఎలుకలకు పాల కొవ్వుతోనూ ఆ జబ్బు రాలేదన్నది కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఈ రెండో మాట వదిలేసి మొదటిది మాత్రమే వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు మనలో కొదవ లేదు.

అయితే నూనె మొక్కలది కదా అని గిన్నెలు వంపేసినా ఒప్పుకోదు పేగు. చైనాలో 217 మంది ఆరోగ్యవంతులైన యువతీ యువకులకు ఆరు నెలలపాటు కొవ్వు పాళ్లు 20, 30, 40 శాతంగా ఉన్న భోజనాలు పెట్టి చూశారు. కొవ్వు కోసం వాడింది ముఖ్యంగా సోయా నూనె. ఫలితాలు 2019లో వచ్చాయి. 40 శాతం గుంపులో, పేగు కణాలకు మేతయ్యే బ్యూటిరేట్‌ను తయారుచేసే బ్యాక్టీరియా తగ్గాయి, రక్తంలో మంటను సూచించే సీఆర్పీ పెరిగింది. 20 శాతం గుంపుకు అందరికంటే మేలైన ఫలితాలు వచ్చాయి. చైనాలో అన్నం, గోధుమ ప్రధానమైన సంప్రదాయ భోజనం నుంచి నూనె ఎక్కువైన భోజనానికి జనం ఎలా మారుతున్నారో మనదీ అదే దారి కాబట్టి, ఈ పరీక్ష మనకు అమెరికా పరీక్షల కంటే దగ్గరి చుట్టం.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ప్రయోగశాల ఎలుకలకు పెట్టే కొవ్వు మేత శుద్ధి చేసిన పదార్థాలతో చేసింది. అందులో పేగు బ్యాక్టీరియా తినగలిగే పీచు దాదాపు ఉండదు. మరి గోడ చెడింది కొవ్వు ఎక్కువయ్యా, పీచు లేకా? అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ గెవర్ట్జ్ బృందం 2018లో అదే కొవ్వు మేతకు ఇన్యులిన్ అనే కరిగే పీచు కలిపి చూసింది. పెద్ద పేగు కుంచించుకుపోవడం ఆగింది, బరువు పెరగడం తగ్గింది, చక్కెర అదుపు మెరుగైంది. అదే ఏడాది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవారు, రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండడమే పేగు కణాల బిగింపులను సడలిస్తుందని ఎలుకల్లో చూపించారు. అంటే కొవ్వు ఒక్కదాని మీదే నేరం మోపితే కేసు నిలబడదు. కొవ్వు, చక్కెర, పీచు లేమి, మూడూ ఒకే కంచంలో కలిసినప్పుడు గోడకు గట్టి దెబ్బ. మైదా, నూనె, పంచదార కలిసిన చిరుతిళ్లను ఈ దృష్టితో చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి.

బ్యూటిరేట్ పేరు ఇందాక వచ్చింది. పెద్ద పేగు కణాలకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం దీన్నుంచే వస్తుందని 1980లో రోడిగర్ అనే శాస్త్రజ్ఞుడు కొలిచాడు. నెయ్యి ప్రేమికులు దీన్ని పట్టుకున్నారు. నెయ్యిలో బ్యూటిరిక్ ఆమ్లం ఉంది, అది పేగుకు మందు, కాబట్టి నెయ్యి పేగుకు మందు అని లెక్క కట్టారు. నెయ్యిలో అది ఉన్నమాట నిజమే, పాల కొవ్వులో మూడు నాలుగు శాతం. కానీ అది చిన్న కొవ్వు ఆమ్లం కావడంతో పై పేగుల్లోనే చప్పున ఇంకిపోయి కాలేయానికి వెళ్లిపోతుంది. పెద్ద పేగు దాకా చేరేది లేదు. అక్కడి బ్యూటిరేట్‌ను అక్కడి బ్యాక్టీరియానే, మనం తిన్న పీచును పులియబెట్టి తయారుచేసుకోవాలి. పప్పులోనూ జొన్నరొట్టెలోనూ గోరుచిక్కుడులోనూ ఉన్నది ఆ ముడిసరుకు. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి జీర్ణం కాని రూపంలోకి మారి పెద్ద పేగుకు చేరుతుంది, కాబట్టి చద్దన్నం కూడా ఈ జాబితాలో ఒక మూల చోటు సంపాదించుకుంటుంది. వేడి అన్నంలో ముద్దపప్పు, ఆవకాయ, చెంచాడు నెయ్యి తినేవాళ్లకు ఎవరూ అడ్డు చెప్పక్కర్లేదు. పేగుకు మేలు చేస్తున్నది అందులో పప్పు అని తెలిస్తే చాలు.

కొవ్వును పూర్తిగా మానేయడం ఇంకో మూర్ఖత్వం. ఏ, డీ, ఈ, కే విటమిన్లు కొవ్వుతోపాటే లోపలికి వస్తాయి. అయోవాలోనే 2004లో కొందరికి పచ్చి కూరగాయల సలాడ్ నూనె లేకుండా ఒకసారి, నూనెతో ఒకసారి పెట్టి రక్తం చూశారు. నూనె లేని సలాడ్ నుంచి కెరటినాయిడ్లు ఒంటికి పట్టనే లేదు. తోటకూర వేపుడులో నూనె ఉండేది రుచికి మాత్రమే కాదు.

నిజంగా పేగు గోడ చెడిపోయినప్పుడు ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒక కుటుంబం కథ ద్వారా తెలుసు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు రోజుల తేడాలో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. ఆయనకూ ఆ జబ్బు సోకి బతికి బయటపడ్డారు. స్ప్రూలో చిన్న పేగు లోపలి వేలికొనల వంటి మడతలు అరిగిపోతాయి. కొవ్వు లోపలికి పోదు, మలంలో జిడ్డుగా బయటికి పోతుంది. మనిషి చిక్కి శల్యమవుతాడు, రక్తహీనత వస్తుంది. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు ప్రాణం పోసిన మందుల్లో ఒకటైంది.

ఇలాంటి నిజమైన జబ్బులు వేరు, ఈ మధ్య ఫోన్లలో కనిపించే 'లీకీ గట్' వేరు. అలసట, జుట్టు రాలడం, మొటిమలు, మనసు బాగోలేకపోవడం, అన్నిటికీ పేగు కారుతోందనే కారణం చెప్పి, ఒక రక్తపరీక్ష చేయించి, ఒక డబ్బా పొడి అమ్ముతారు. ఆ పరీక్షల్లో ఎక్కువగా వాడేది జోన్యులిన్ అనే ప్రొటీన్ కొలత. మార్కెట్లో బాగా చెలామణీ అయిన ఒక కిట్ అసలు ఆ ప్రొటీన్‌ను కొలవడమే లేదని 2018లో జర్మనీ పరిశోధకులు బయటపెట్టారు. అమెరికాలోని మేయో క్లినిక్ నిపుణుడు మైకేల్ కమిలెరీ 2019లో ఈ రంగాన్నంతా సమీక్షించి, గోడ సడలినంత మాత్రాన జబ్బు వస్తుందని గానీ, దాన్ని బిగిస్తే జబ్బు నయమవుతుందని గానీ ఇంకా రుజువు కాలేదని రాశారు. అకర్మాన్సియా బ్యాక్టీరియాను మూడు నెలలు మింగించిన బెల్జియం పరీక్షలో ఇన్సులిన్ పనితీరు మెరుగైన మాట నిజమే. కానీ ఆ పరీక్ష పూర్తిచేసింది 32 మంది మాత్రమే. దాన్ని నమ్మి నెలనెలా వేలు ఖర్చుపెట్టే స్థితి ఇంకా రాలేదు. ఎడతెగని విరేచనాలు, మలంలో రక్తం లేదా జిడ్డు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే మాత్రం పొడులతో కాలయాపన చేయకుండా వైద్యుణ్ణి కలవాలి.

మరి వంటింట్లో ఏం చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క సులువైనది. రోజంతటి శక్తిలో కొవ్వు వాటా 30 శాతం మించకూడదు, అందులో సంతృప్త కొవ్వు 10 శాతం లోపు ఉండాలి, పీచు రోజుకు కనీసం 25 గ్రాములు అందాలి. సంతృప్త కొవ్వు కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం, నెయ్యిలో 60 పైన, పామాయిల్‌లో సగం దాకా ఉంటుంది. నువ్వుల నూనె, వేరుశనగ నూనెల్లో 20 శాతం లోపే. చేపల్లో ఉండే మేలైన కొవ్వు కోసం ఖరీదైన చేపలే కొనక్కర్లేదు. కోస్తాలో చవగ్గా దొరికే కవళ్లలో అది దండిగా ఉంటుంది. చేప తిననివాళ్లకు అవిసె గింజల కారప్పొడి ఉంది. చేప నూనెకు అది పూర్తిగా సాటిరాదు, అయినా ఆ కుటుంబపు కొవ్వే.

ఎక్కడ దెబ్బ తింటున్నామో చూడాలంటే కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన గుత్తివంకాయ పొట్లాన్ని గిన్నెలో వంపి పది నిమిషాలు ఆగితే చాలు. కూర అడుక్కి చేరుతుంది, ఎర్రటి నూనె వేలి మందాన పైన తేలుతుంది. ఆ నూనెను వంచేసి తినవచ్చు, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం, కూర్చుని పనిచేసే మగవారికి రోజుకు 25 గ్రాములు, ఆడవారికి 20 గ్రాములు విడిగా వాడే కొవ్వు చాలు. నూనె, నెయ్యి, వెన్న, వనస్పతి అన్నీ కలిపి. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు ఉన్న ఇంటికి అది రోజుకు 90 గ్రాములు, నెలకు 2 కిలోల 700 గ్రాములు, అంటే సుమారు 3 లీటర్లు. బయట తిన్నది, నెయ్యి డబ్బాలో తగ్గినది కూడా ఈ 3 లీటర్లలోంచే పోవాలి. వచ్చే నెల సరుకుల చీటీలో 5 లీటర్ల క్యాన్ అని రాసే ముందు ఈ కూడిక ఒకసారి వేసి చూడండి.